గోడ అవతల ఉయ్యాల

నాకు నోరెక్కువని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అనేవారు. అవునండీ, ఎక్కువే. హైస్కూల్లో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, నోరు లేకపోతే ఎలా? కానీ ఆ వాన సాయంత్రం మాత్రం నా నోరు పెగల్లేదు. పెగలాల్సిన క్షణంలోనే పెగల్లేదు.

మా ఆయన మిలట్రీలో చేసొచ్చి, తర్వాత బ్యాంకులో గార్డుగా చేసేరు. రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఆయన సొంతం. లైసెన్సు ఆయన పేరునే ఉంది. రిటైరయ్యేక ఎవరైనా అమ్మేస్తారు, లేదా స్టేషన్లో అప్పజెప్పేసి చేతులు దులుపుకుంటారు. ఈయన అలా కాదు. ఎలక్షన్లొచ్చినప్పుడల్లా స్టేషన్లో ఇచ్చిరావడం, అవి కాగానే తెచ్చుకోవడం, ఆదివారం మధ్యాహ్నాలు దానికి నూనె రాసుకోవడం. ‘కన్న బిడ్డకి కూడా ఇంత సేవ చెయ్యరండీ’ అనేదాన్ని. మాకు పిల్లల్లేరు. ఆ మాట నేను తప్ప ఇంకెవరంటే ఊరుకుంటారు?

ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అమలాపురం నుంచి ఆటోలో వస్తే కాలవ వంతెన దిగగానే మా ఇల్లు. మామగారు కట్టిన పెంకుటిల్లు. ఆయన పోయేక అన్నదమ్ములిద్దరూ నిట్టనిలువునా పంచుకున్నారు. మా ఆయనది తూర్పు వాటా, మరిదిది పడమర వాటా. మధ్యలో నాలుగంగుళాల ఇటుక గోడ లేపేరు. వెనక సామాన్ల గదిలో ఓ టేకు గుమ్మం ఉండేది, అటూ ఇటూ తిరగడానికి. దాని తలుపులు ఎవరికి చెందాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది, చివరికి పెద్దమనుషులు చెరో రెక్కా ఇచ్చి పంపేరు. ఒంటి రెక్క ఎవరికి పనికొస్తుందండీ? మా రెక్క అటక మీద, వాళ్ళ రెక్క వాళ్ళ అటక మీద. ఖాళీ గుమ్మానికి ప్లైవుడ్ ముక్క కొట్టి, రెండు వైపులా సున్నం వేసేసేరు. చూసేవాళ్ళకి అది గోడే. కొన్నాళ్ళకి మాకూ గోడే అయిపోయింది. ఇద్దరి సమ్మతీ లేకుండా ఆ మధ్య గోడ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని కూడా రాసుకున్నారు. అప్పట్నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. మగాళ్ళకి లేకపోతే ఆడాళ్ళకి మాత్రం ఎక్కణ్ణుంచొస్తాయి? మేమూ మానేశాం.

మరిదికి ఒక్కతే కూతురు. గోడ లేవకముందు ఆ పిల్ల ఇంట్లో రెండో గదిలో పుట్టి, నా ఒళ్ళో పెరిగింది. పాలు వాళ్ళమ్మవి, మిగతావన్నీ నావే. నీళ్ళు పొయ్యడం, జడలెయ్యడం, ఎక్కాలు చెప్పడం. నన్ను దొడ్డమ్మా అనీ, మా ఆయన్ని పెదనాన్నగారూ అనీ ఇల్లంతా తిరిగేది. దాని పెళ్ళికి మమ్మల్ని పిలిచేరు, పిలవకుండా ఎలా ఉంటారు, చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని వచ్చేశాం. అల్లుడికి ఓడలరేవు దగ్గర గ్యాసు ప్లాంటులో ఉద్యోగం. పిల్లని పురిటికి తీసుకొచ్చేరని కూడా నాకు గోడలోంచే తెలిసింది. బిడ్డ ఏడుపు మొదటిసారి వినబడినప్పుడు పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా కదల్లేదు నేను. ఆడపిల్లట. చూడ్డానికి వెళ్ళలేదు. పిలవందే ఎలా వెళ్తాం అని మా ఆయన. ‘మీ అభిమానం తగలడా’ అన్నాను.

అంతలో దొంగల గోల మొదలైంది. రాజోలు వైపు ఓ ఊళ్ళో ముసలి మొగుడూ పెళ్ళాల్ని మంచానికి కట్టేసి దోచుకుపోయేరని పాల అబ్బాయి చెప్పేడు. మర్నాడు కొత్తపేట వైపు ఇంకో ఇంట్లో పెరటి తలుపు పగలగొట్టేరన్నారు. నిజమెంతో, కల్పితమెంతో. నోరున్నవాళ్ళంతా ఓ చెయ్యి వేసేరు. ఊళ్ళో అందరూ తలుపులకి అడ్డకర్రలు పెట్టుకున్నారు. మా ఆయన మాత్రం బీరువా తీసి తుపాకి బయటికి తెచ్చేరు.

తెచ్చి, రెండు గొట్టాల్లోనూ ఎల్‌జీ తూటాలు పెట్టేరు. అవి బ్యాంకు రోజులవి. ఒక్కో తూటాలో శనగ గింజలంతేసి సీసపు గుండ్లుంటాయి. చిన్న గుండ్ల తూటాలూ ఉంటాయి, ఆవాలంతేసి. వాటికి నెంబర్లుంటాయి, నెంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది.

“అంత పెద్దవెందుకండీ, వచ్చేది దొంగా, అడివి పందా?” అన్నాను.

“ఒక్క దెబ్బకి పడాలే. పడకపోతే మీద పడతాడు. నీకు తెలీదు” అన్నారు.

నిజమే, నాకు తెలీదు. తెలీనప్పుడు ఊరుకోవడం నాకు అలవాటు లేదు గానీ, ఆ రోజెందుకో ఊరుకున్నాను. దొంగలంటే నాకూ భయమే కదా. తుపాకి మంచం తలాపున నిలబడి ఉంటే లోపలెక్కడో ధైర్యంగా ఉండేది.

వాన సాయంత్రం అని చెప్పేను కదా, అదిప్పుడు. మబ్బు పట్టి దీపాలు పెట్టే వేళకే చిమ్మచీకటైపోయింది. కరెంటు పోయింది. పెంకుల మీద వాన హోరు. నేను కొవ్వొత్తి వెతుకుతుంటే పెరటి తలుపు గడియ గడగడా కొట్టుకుంది. గాలికే అనుకున్నాను. ఆయన అప్పటికే లేచి తుపాకి అందుకున్నారు. పెరటి తలుపు సామాన్ల గదిలోంచే. ఆ గది గుమ్మంలో నిలబడ్డారు. నేను ఆయన వీపు వెనక.

అప్పుడు వినబడింది. కిర్రు. కాసేపాగి మళ్ళీ కిర్రు. ఎవరో నూనె లేని బందు మీద తలుపుని మెల్లిగా తోస్తున్నట్టు. గడియ చప్పుడు బయట, ఈ చప్పుడు గదిలో. అంటే వాడు లోపలికొచ్చేశాడన్నమాట. ఆయన తుపాకి అటు తిప్పేరు. సేఫ్టీ మీట ముందుకి జరిగిన టిక్కుమనే చప్పుడు కూడా విన్నాన్నేను. “ఎవర్రా అది?” అన్నారు. జవాబు లేదు. కిర్రు. ఆగండి అందామనుకున్నాను, మాట రాలేదు.

ఆ కిర్రు వచ్చిన చోటి నుంచి చిన్న తుమ్ము వినబడింది.

పసిబిడ్డ తుమ్ము. పిల్లికూన తుమ్మినట్టు, అంతే. ఆ వెంటనే ఉఁ ఉఁ అంటూ మూలుగు, ఎవరిదో గాజుల చప్పుడు, మళ్ళీ కిర్రు కిర్రు. గుమ్మానికి కొట్టిన ప్లైవుడ్ ముక్క అవతల ఉయ్యాల ఊగుతోంది. మేము విన్నది ఉయ్యాల గొలుసు చప్పుడు.

ఆయన తుపాకి దించేరు. దించి, అక్కడే బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయేరు. నేను చేత్తో తడిమి తుపాకి తీసుకున్నాను. జీవితంలో మొదటిసారి దాన్ని ముట్టుకున్నాను. తూటాలు తియ్యడానికి దాన్ని ఎలా మడవాలో తెలీక ఆయన చేతుల్లోనే పెట్టి, “ముందా తూటాలు తియ్యండి” అన్నాను. తీసేరు. వాన కాస్త తెరిపిచ్చింది. అవతల బిడ్డ పాలు తాగుతున్న చప్పుడు కూడా వినబడుతోంది. మా దగ్గర ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

తెల్లారేక నాకు కోపమొచ్చింది. నాకెప్పుడూ భయం తర్వాతే కోపం వస్తుంది. “పురిటి గది వీధి వైపు కదండీ వాళ్ళకి. ఆ వెనక గదిలో కొబ్బరికాయలూ కట్టెలూ కదా ఉండేవి? ఉయ్యాల ఎప్పుడు మార్చేరు?”

“నాకేం తెలుసు?”

“అదే అంటున్నాను. పక్క గదిలో ఎవరు పడుకుంటున్నారో తెలీకుండా తూటాలు పెట్టుకుని కూర్చున్నాం మనం.”

“గోడ ఆపుతుంది” అన్నారు. ఆయన గొంతులో నమ్మకం లేదు.

“ప్లైవుడ్ ముక్క గోడెప్పుడైందండీ? సున్నం వేస్తే అయిపోతుందా?”

ఆయన కాసేపు గెడ్డం గోక్కున్నారు. “చిన్న గుండ్లవి తెద్దాం. అవి చల్లినట్టు పోతాయి, జోరు తక్కువ, ఆగిపోతాయి” అన్నారు. సరే, పదండి అన్నాను. నేనూ వస్తానన్నాను. తూటాల కొట్టుకి ఆడవాళ్ళెందుకన్నారు. ఉయ్యాలలో పిల్ల ఉంది కాబట్టి అన్నాను. లైసెన్సు పుస్తకం తీసుకుని బయల్దేరేరు.

కాకినాడలో కొట్టు. లైసెన్సు పుస్తకం చూసి కొట్టాయన మర్యాదగా కుర్చీలేసేరు. ఇంటి కోసమండీ అని మా ఆయన అనగానే పెద్ద గుండ్లవే బల్ల మీద పెట్టేరు. “దొంగల రోజులండీ. ఇవైతే తిరుగుండదు.”

“ఏవండీ, ఇది గోడ దాటుతుందా?” అని నేనడిగేను.

ఆయన నవ్వేరు. “గోడ దాటకపోతే అదేం తూటా అమ్మగారూ!”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “గోడ అవతల మీ మనవరాలుంటే కూడా ఇదే అమ్ముతారా బాబూ?” అన్నాను. మా ఆయన నా చెయ్యి గిల్లేరు. కొట్టాయన నవ్వు ఆగిపోయింది. పెద్దవి లోపల పెట్టేసి చిన్న గుండ్ల పెట్టె తీసేరు. “ఇవి పిట్టలకి వాడతారండీ. గోడకి పర్లేదు. చెక్కకి మాత్రం నేను పూచీ ఇవ్వలేను” అన్నారు. బస్సులో వస్తూ ఆ ఆఖరి మాటే నా బుర్రలో తిరిగింది.

పూచీ ఆయనివ్వకపోతే మనమే చూసుకోవాలి. పిల్లలకి ప్రయోగం చెయ్యకుండా ఏదీ నమ్మొద్దని చెప్పేదాన్ని నేను. మా ఆయన స్టేషన్లో చెప్పుకుని, జనం మసలని గోదారి లంకలో చూసుకోండని వాళ్ళంటే, ఓ సెలవు రోజు మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో బయల్దేరేం. అందులో ఆ గుమ్మానికి కొట్టినలాంటిదే ఓ ప్లైవుడ్ ముక్క, కొన్ని ఇటుకలు, రెండు వెదుళ్ళు, నా పాత నేతచీర ఒకటి, ఓ బూరుగుదూది తలగడ. చీర బండారులంకది, మా పెళ్ళైన కొత్తల్లో కొన్నది, అంచు చిరిగిపోయింది.

“చీరెందుకే?” అన్నారు.

“ఉయ్యాల ఎక్కడుందో అక్కడ కట్టాలి కదండీ.”

ఆయన ముఖం మాడిపోయింది. వద్దనలేదు. వెనకాల ఇసుకమేట ఉండేలా వెదుళ్ళు పాతేరు. నేను చీరని ఉయ్యాలలా కట్టి అందులో తలగడ పెట్టేను. దాని ముందు ప్లైవుడ్ ముక్క నిలబెట్టేం, పక్కన ఇటుకలు ఒకదాని మీదొకటి మట్టితో పేర్చి చిన్న గోడ. మా సామాన్ల గది గుమ్మం నుంచి ఆ చెక్కకి ఎంత దూరమో అంత దూరంలో ఆయన నిలబడ్డారు. చెవుల్లో దూది పెట్టుకోమన్నారు.

ముందు ఎల్‌జీ. ఆ చప్పుడుకి లంకలో కొంగలన్నీ లేచిపోయేయి. వెళ్ళి చూశాం. గుండ్లు చెక్కని దాటి, చీరని దాటి, తలగడని దాటి ఇసుకలోకి పోయేయి. ఇటుకల మీద ఇంకోటి కాల్చేరు. ఇటుక పగిలింది, వెనక వైపు పెచ్చు లేచింది.

తర్వాత చిన్నవి. ఇటుకల మీద కాల్చేరు. మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి, వెనక్కి ఒక్కటీ రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. “అవతల వైపు ఏమీ లేదండీ, ఏమీ లేదు!” అని చిన్నపిల్లలా అరిచేను. ఆయన కూడా కాస్త నవ్వేరు. మళ్ళీ తూటా మార్చి, తలగడ సర్ది, ఈసారి చెక్క మీద కాల్చేరు.

చల్లినట్టు పోతాయనుకున్నాం కదా. గదంత దూరంలో అవి ఇంకా విడిపోవట. అన్నీ ఒకే ముద్దగా వెళ్ళేయి. చెక్కలో నా పిడికిలి పట్టేంత కంత పడింది. నేను వెళ్ళేసరికి బూరుగుదూది గాలిలో తేలుతోంది. చీర మీదా, ఇసుక మీదా, నా జుట్టులోనూ దూదే. తలగడలో సగం లేదు. చెక్క పేళ్ళు కూడా దాన్లోకి దిగిపోయేయి.

మా ఆయన ఆ తలగడ చేతుల్లోకి తీసుకుని నిలబడ్డారు. యుద్ధంలో ఏం చూసేరో ఎప్పుడూ చెప్పరు గానీ, అలాంటి ముఖం నేనెప్పుడూ చూడలేదు. “దీనికి ఏ తూటా లేదు” అన్నారు. “గోడకైతే చిన్నది సరిపోతుంది. ఈ చెక్కకి ఏ తూటా సరిపోదు.”

“అక్కడే కదండీ పసిది” అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఇంటికొచ్చేక దారులు వెతికేం. గుమ్మాన్ని ఇటుకతో కట్టించేద్దామంటే మరిది సమ్మతి కావాలి. బస్తాలు అడ్డం పెడదామంటే పెరటి తలుపుకి దారుండదు, ఆ గది అంత ఇరుకు. “అసలు నేనటు కాల్చను. నాకు బుద్ధి లేదా?” అన్నారు. “ఆ వానలో ఎటెత్తేరు?” అన్నాను. తల దించుకున్నారు.

“వెళ్ళి చెప్పండి. ఉయ్యాల తీసేయమనండి. ఒక్క మాట.”

“నేను వాడి గుమ్మం తొక్కను.”

“అయితే నేను తొక్కుతాను.”

తుపాకి ఖాళీ చేసి బీరువాలో పెట్టి తాళం వేసేరు. అయినా నాకు నిలకడ లేదు. ఇవాళ ఖాళీయే. రేపు ఇంకో ఇంట్లో దొంగలు పడితే? ఆయన చెయ్యి ఊరుకుంటుందా? నేను ఊరుకోనిస్తానా? ఆ వేళ ఆయన వెనక నిలబడి, కాల్చకండని అనలేనిది నేనే కదా. ప్రతీ సాయంత్రం సామాన్ల గదిలో నిలబడి వినేదాన్ని. కిర్రు కిర్రుమంటుంటే భయమేసేది. ఆగిపోతే ఇంకా భయమేసేది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా పడమర వాటా గేటు తీసేను. ఆ గేటు చప్పుడు కూడా మర్చిపోయేను. మరిది వరండాలో పేపరు చదువుతున్నాడు. లేచి నిలబడ్డాడు. మండలాఫీసులో పెద్ద గుమాస్తా, మర్యాద తెలిసిన మనిషే. “రండి వదినగారండీ” అన్నాడు. తోటికోడలు లోపలి నుంచి తొంగిచూసి, “కూర్చోండి అక్కగారూ” అంది. మంచినీళ్ళు తెచ్చింది. తాగేను. ఎలా మొదలెట్టాలో ఇంటి దగ్గర పది రకాలుగా అనుకునెళ్ళేను. అవేవీ గుర్తు రాలేదు.

“ఆ వెనక గదిలో ఉయ్యాల తీసేయండి మరిదిగారూ. మా ఆయన దగ్గర తుపాకి ఉంది.”

నా నోట్లోంచి అదే వచ్చింది. అంటుండగానే తెలిసిపోయింది ఎలా వినబడిందో.

మరిది ముఖం ఎర్రబడింది. “బెదిరింపా అండీ?”

“కాదు బాబూ, నా మాట పూర్తిగా...”

“తలుపు రెక్క కోసం మాట్లాడ్డం మానేసినాయన, ఇప్పుడు గోడ కోసం తుపాకి చూపించమని మిమ్మల్ని పంపించేడా? బాలింత ఉన్న ఇంటికొచ్చి, పసిబిడ్డ పేరు చెప్పి? నేను ఇప్పుడే స్టేషన్‌కి వెళ్తాను వదినగారూ. మీరు పెద్దవారు, మిమ్మల్నేమీ అనను. ఆయన సంగతి వాళ్ళు చూస్తారు.”

“అక్కగారూ, మీరిలా అంటారని కల్లో కూడా అనుకోలేదు” అంటూ తోటికోడలు ఏడుపందుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నేనేం చెప్పినా వినబడటం లేదు వాళ్ళకి. తలగడ అంటాను, లంక అంటాను, చెక్క అంటాను. ఒకదానికొకటి అతుకు లేదు. మరిది చెప్పులేసుకుంటున్నాడు.

“నాన్నగారూ, ఆగండి.”

పిల్ల. గుమ్మంలో నిలబడింది. తలకి గుడ్డ కట్టుకుని, భుజం మీద బిడ్డనేసుకుని. నేను పెంచిన పిల్ల. పెద్దదైపోయింది, ముఖం పాలిపోయింది. నన్ను చూసి నవ్వింది, ఆ నవ్వులో మార్పు లేదు.

“ఉయ్యాల అక్కడ నేనే వేయించేను దొడ్డమ్మా. అమ్మ వద్దంది, అక్కడ గాలి రాదని. నేనే పట్టుబట్టేను. ఆయనకి డ్యూటీలు, ఇక్కడుండరు. ఊళ్ళో దొంగలంటున్నారు. వీధి గదిలో నాకు నిద్ర పట్టేది కాదు.” బిడ్డని రెండో భుజం మీదకి మార్చుకుంది. “ఆ గుమ్మం దగ్గరైతే పెదనాన్నగారి దగ్గు వినబడుతుంది. మంచం మీద దొర్లితే వినబడుతుంది. అవతల తుపాకి పెట్టుకుని పెదనాన్నగారుండగా నా బిడ్డ జోలికి ఎవడొస్తాడు అనుకున్నాను. ఇంట్లో అన్నింటికన్నా అదే భద్రం కదా దొడ్డమ్మా?”

ఏం చెప్పను? ఏ నోటితో చెప్పను? మరిది ఒక చెప్పు వేసుకుని, ఒకటి వేసుకోకుండా అలాగే నిలబడ్డాడు.

గేటు చప్పుడైంది. మా ఆయన.

సామాన్ల గదిలో నిలబడి అంతా విన్నారట. ఆ చెక్కలోంచి ఏ మాట ఆగుతుంది కనక? ఆదివారపు తెల్ల చొక్కా మీదే వచ్చేశారు, కాళ్ళకి చెప్పుల్లేవు. తమ్ముడి వైపు చూడలేదు. మెట్ల దగ్గరే ఆగి పిల్లతో అన్నారు.

“అమ్మాయ్, మొన్న వానలో కరెంటు పోయిన సాయంత్రం నీ ఉయ్యాల చప్పుడు నాకు దొంగ చప్పుడులా వినబడింది. తుపాకి నీ వైపే ఎత్తేను. పెద్ద తూటాలున్నాయి దాన్లో. ఆ చెక్క దేన్నీ ఆపదు, లంకలో కాల్చి చూసేను. పసిది తుమ్మింది, దించేశాను. మీ దొడ్డమ్మ బెదిరించడానికి రాలేదు. అది చెప్పడానికొచ్చింది. నేను రావాల్సింది, రాలేదు.”

పిల్ల నవ్వు మెల్లిగా పోయింది. నేను చూస్తుండగానే పోయింది.

“తుమ్మకపోతే మీరు కాల్చేసేవారా పెదనాన్నగారూ?”

ఏమైనా చెప్పొచ్చు ఆయన. ఆలోచించేవాణ్ణి అనొచ్చు, ఇంకోసారి కేకేసేవాణ్ణి అనొచ్చు. నేనైతే అనేదాన్ని, అబద్ధమైనా అనేదాన్ని.

“ఆయ్” అన్నారు. “కాల్చేవాణ్ణేనమ్మా.”

పిల్ల బిడ్డ తల మీద చెయ్యేసి గుండెకి అదుముకుంది. ఒక్క అడుగు వెనక్కి వేసి గుమ్మానికి ఆనుకుంది. మా ఆయన అది చూసేరు. చూసి కూడా అక్కణ్ణుంచి కదల్లేదు, చేతులు రెండూ పక్కకి వేలాడేసుకుని నిలబడ్డారు, శిక్ష కోసం నిలబడ్డ పిల్లాడిలాగ. నాకు ఆయన మీద జాలేసింది, కోపమొచ్చింది, ఆ క్షణంలో ఆయన్ని నేను పెళ్ళాడినందుకు గర్వంగా అనిపించింది. అన్నీ ఒకేసారి.

మరిది వేసుకున్న చెప్పు విప్పేడు. వరండా అంచుకొచ్చి, అన్న ముఖం వైపు కాకుండా పక్కన కొబ్బరి చెట్టు వైపు చూస్తూ అన్నాడు. “ఉయ్యాల పక్కన పట్టెమంచం కూడా ఉంది. నాన్నది. నా ఒక్కడి వల్ల కదలదు. ఓ చెయ్యి వెయ్యాలి.”

మా ఆయన మెట్లెక్కి లోపలికెళ్ళేరు. వెనక గది నుంచి మాటలు వినబడ్డాయి. “నువ్వటు పట్టు”, “గుమ్మం తగుల్తుంది జాగ్రత్త”, “కాస్త ఎత్తు”. మంచం ముందు వచ్చింది. తర్వాత ఉయ్యాల గొలుసులు భుజానేసుకుని మరిది వచ్చేడు. వాళ్ళు వీధి గదిలో అవి సర్దుతున్నంతసేపూ పిల్ల వరండాలోనే నిలబడింది. పెదనాన్నగారు ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి అది వెళ్ళలేదు.

నేను దాని దగ్గరికెళ్ళేను. బిడ్డ ముఖం అప్పుడే దగ్గరగా చూడటం. అచ్చం దీని చిన్నప్పటి ముక్కే. కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. పట్టుకోడానికి రెండు చేతులూ చాపేను.

పిల్ల నా చేతుల వైపు చూసింది. బిడ్డని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

“తర్వాత ఇస్తాను దొడ్డమ్మా” అంది.

“అలాగేనమ్మా” అన్నాను.